నాన్నగారి పెరటి కొలనులో పదకొండు కోయి చేపలు: ఎవరికి ఇవ్వాలి, ఎలా పంపాలి?

ప్రశ్న: మాది కావలి. మా నాన్నగారు మొన్న మార్గశిరంలో కాలం చేశారు. ఆయన పెరట్లో 14 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు, 3.5 అడుగుల లోతున సిమెంటు కొలను కట్టించి, 12 ఏళ్ల క్రితం మద్రాసు నుంచి వేలెడంత కోయి పిల్లలను తెచ్చి పెంచారు. ఇప్పుడు 11 చేపలున్నాయి, పెద్దవి రెండడుగులు ఉంటాయి. ఇంటికి బేరం కుదిరింది. కొన్నవారు కొలను పూడ్చి కారు నిలుపుకుంటామంటున్నారు. చైత్రం ఆఖరున రిజిస్ట్రేషన్. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను, అమ్మ కూడా నా దగ్గరికే వచ్చేస్తోంది. ప్రస్తుతం పక్కింటి పిన్నిగారు రోజూ చేపలకు ఇంత అన్నం వేస్తున్నారు. ఊరి చెరువులో వదిలేయమని ఒకరు, గుడి కోనేట్లో వదిలితే నాన్నగారికి పుణ్యమని ఇంకొకరు చెబుతున్నారు. మా బాబాయి తన కొత్త ఇంట్లో తొట్టి కట్టిస్తాను, నాలుగు చేపలు ఇవ్వమంటున్నారు. తెల్లటి ఒంటితో, తల మీద మాత్రం ఎర్ర మచ్చతో ఉన్న చేపను నాన్నగారు ‘బొట్టు’ అని పిలిచేవారు. దాన్నైనా మా ఫ్లాటుకు తెచ్చుకోవాలని అమ్మ కోరిక. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: అమ్మా, మీ చేతిలో ఇంకా ఆరు వారాలు ఉన్నాయి కనుక, చేపలను ఎవరు తీసుకుంటారన్న ప్రశ్నను ఒక వారం పక్కన పెట్టి, అవి ఏ నీళ్లలోకి వెళ్తాయన్న ప్రశ్నతో మొదలుపెట్టమని కోరుతున్నాను. చేపలు కావాలనేవారు మీకు కావలసినంత మంది దొరుకుతారు, రంగు చేప ఊరికే వస్తుందంటే కాదనేవారు అరుదు. సిద్ధంగా ఉన్న కొలను దొరకడమే కష్టం. మీ కొలను కొలతలను గుణిస్తే 441 ఘనపుటడుగులు, ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున సుమారు 12,500 లీటర్లు అవుతుంది. ఎదిగిన కోయికి తలకు 1,000 లీటర్లైనా ఉండాలని పెంపకందారులు లెక్క వేసుకుంటారు. ఆ లెక్కన మీ నాన్నగారు 11 చేపలకు సరిపోయే ఇల్లే కట్టారు. ఇప్పుడు మీరు వెతకవలసింది కూడా అంతటి ఇంటినే, లేదా దానికి సరిపోయే రెండు ఇళ్లను.

ముందుగా చేయవలసిన పని ఒకటి ఉంది. కొన్నవారితో రాసుకునే ఒప్పందంలో, చేపలను తరలించేదాకా పెరటి మోటారుకూ, నీటికి గాలి పట్టించే ఏరేటరుకూ కరెంటు తీయకూడదన్న ఒక్క వాక్యం చేర్పించండి. ఇల్లు చేతులు మారే రోజుల్లో ఎవరో ఒకరు మెయిన్ స్విచ్ కట్టేసి తాళం వేసుకుని వెళ్లిపోవడం మామూలే. వేసవి రాత్రి గాలి లేక చేపలు చచ్చిన సంగతి పొద్దున్నే వచ్చిన పిన్నిగారికి తప్ప ఎవరికీ తెలియదు.

ఊరి చెరువు మాట పూర్తిగా మరచిపోండి. కోయి ఏదో వింత జాతి కాదు, మన చేపల బజారులో ‘బంగారు తీగ’ అని అమ్మే చేపకు సొంత చుట్టమే. జపానులోని నీగాటా కొండల్లో వరి రైతులు 19వ శతాబ్దంలో, తిండి కోసం పెంచుకునే మామూలు చేపల్లో రంగు మచ్చలున్నవాటిని ఏరి, జత కట్టించి దీన్ని తయారు చేశారు. 1914లో టోక్యో ప్రదర్శనకు వెళ్లాకే బయటి ప్రపంచానికి తెలిసింది. మన దేశంలోకి బంగారు తీగ కూడా బయటి నుంచి వచ్చిందే, 1939లో సింహళం నుంచి నీలగిరికి, 1957లో బ్యాంకాక్ రకంగా మరోసారి. అది అడుగు బురదను మూతితో తవ్వి మేత వెతుక్కుంటుంది కనుక నీరు మురికిబారుతుంది, నీటి మొక్కల వేళ్లు లేచిపోతాయి. కోయి కూడా అదే పని చేస్తుంది. దీనికి మించిన సంగతి జబ్బులు. కోయి హెర్పిస్ అనే వైరస్ కోయినీ బంగారు తీగనూ పట్టిందంటే గుంపులో చాలా వాటిని చంపుతుంది, దానికి మందు లేదు, బతికి బట్టకట్టినవి పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే వైరస్‌ను మోస్తాయి. మీ చేపలకు అది ఉందని నేను అనడం లేదు. కానీ చెరువుల మీద, హ్యాచరీల మీద వేల కుటుంబాలు బతుకుతున్న జిల్లాలో, పెరటి కొలను నీళ్లనూ చేపలనూ పరీక్ష లేకుండా ఊరుమ్మడి నీళ్లలో కలపడం మన పని కాదు. ఇక చేపల వైపు నుంచి చూసినా, పన్నెండేళ్లు చేతి మేత తిని, మనిషి నీడ కనబడితే పైకి వచ్చే ఎర్రటి చేప చెరువులో ఎన్నాళ్లు ఉంటుంది? గద్దకో కొంగకో పడకపోతే, పాట పాడుకున్న సంఘంవారి వలలో పడుతుంది. రెండడుగుల కోయి నాలుగు కిలోలకు దగ్గరగా తూగుతుంది, పులుసుకు పనికొస్తుంది కూడా. అందులో వారి తప్పేమీ లేదు, డబ్బు కట్టిన చెరువు వారిది.

కోనేటి విషయంలో మీ బంధువుల భావం మంచిదే, నేను దాన్ని తక్కువ చేయను. అయితే కోనేరు రాతిమెట్ల గుంత, అందులో గాలి ఆడించే యంత్రం ఉండదు, నీరు పచ్చబడి ఉంటుంది, భక్తులు వేసే మరమరాలూ నూనె దీపాలూ అందులోనే పడతాయి. శుభ్రం చేయాలన్నా ఉత్సవం ఉన్నా నీరు తోడేస్తారు. ఆ రోజు చేపలను ఎవరు పట్టి ఎక్కడ పెడతారో మీరు అడిగి చూడండి. జవాబు లేకపోతే మీ నిర్ణయం మీకే తేలిపోతుంది.

బాబాయిగారి తొట్టి గురించి ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఈ ముగ్గురిలో మంచి మనసుతో చేపలను చంపగలిగేది ఆయనే. కొత్త సిమెంటు నుంచి సున్నం నీటిలోకి దిగి, నీటి క్షారత చేప మొప్పలు కాలిపోయేంతగా పెరుగుతుంది. చేతికి జిగటగా తగిలే ఆ నీళ్లలో కోయి ఒక పూట కూడా నిలవదు. కట్టిన తొట్టిని నింపి, నాలుగైదు రోజులుంచి, తోడి, మళ్లీ నింపి, ఇలా కొన్ని వారాలు చేయాలి. మన పక్క అరటి బోదె ముక్కలు వేసి నానబెట్టే అలవాటు ఉంది, అదీ మంచిదే, అయితే చివరి మాట మాత్రం నీటి క్షారతను కొలిచే పి.హెచ్. పరీక్షదే కావాలి. 8.5 దాటకుండా వరుసగా వారం రోజులు నిలిచాకే ఆ తొట్టి తొట్టి అవుతుంది. అక్కడితోనూ అయిపోదు. చేప మొప్పల గుండా విడిచే అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టరులోని రాళ్ల మీద, జల్లెడ గుడ్డల మీద పేరుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అవి లేని తొట్టి చూడటానికి అద్దంలా ఉంటుంది, అందులో చేప తన విషంలో తానే మునుగుతుంది.

దీనికి మీ దగ్గరే ఒక ఉపాయం ఉంది. నాన్నగారి ఫిల్టరులో ఉన్న రాళ్లూ స్పాంజీలూ పన్నెండేళ్లుగా ఆ సూక్ష్మజీవులతో నిండి ఉన్నాయి. వాటిని కడగకుండా, ఎండనివ్వకుండా, కొలను నీళ్లలోనే ముంచి బకెట్లలో చేపల వెంటే పంపి, అదే పూట కొత్త ఫిల్టరులో పేర్చండి. ఆడపిల్లను అత్తింటికి పంపేటప్పుడు సారె పెట్టినట్టు అనుకోండి, ఈ సారె లేకుండా మాత్రం ఒక్క చేపను కూడా గడప దాటనివ్వకండి. బాబాయిగారు 4,000 లీటర్లకు తగ్గని తొట్టి, నీటిని తిప్పే మోటారు, ఏరేటరు, మీద వల, ఇవన్నీ ఫాల్గుణం వెళ్లేలోగా నిలబెట్టగలిగితే నాలుగు చేపలకు ఆయన మంచి యజమానే. అలా కాని పక్షంలో, వచ్చే కార్తీకానికి తొట్టి సిద్ధం చేసుకోమని చెప్పి, అప్పుడు చిన్న పిల్లలను కొనిపెట్టండి. బంధుత్వం చెడదు.

బొట్టు సంగతి. తల మీద ఒక్క ఎర్ర మచ్చతో ఉన్న తెల్ల కోయిని జపానువారు తాంచో అంటారు, అక్కడి ఎర్ర తల కొంగ పేరు మీదుగా వచ్చిన పేరది. మీ నాన్నగారి పేరు నాకు ఇంకా బాగా నచ్చింది. అయినా అమ్మగారికి నేను వద్దనే చెప్పాలి. దానికి కావలసిన 1,000 లీటర్ల నీరే ఒక టన్ను బరువు, అద్దాల బరువూ స్టాండు బరువూ వేరే. ఫ్లాటు బాల్కనీ అందుకోసం కట్టింది కాదు. అంతకన్నా చిన్న తొట్టిలో రెండడుగుల చేప వెనక్కి తిరగలేక, మూతి అద్దానికి కొట్టుకుని పుండు చేసుకుంటుంది. పైగా కోయి గుంపులో బతికే చేప, పన్నెండేళ్లు పది చేపల మధ్య ఉన్నదాన్ని ఒంటరిగా తీసుకువెళ్లడం అమ్మగారికి తృప్తి ఇవ్వదని నా నమ్మకం. కోయి బాగా సాకితే పాతిక ముప్ఫై ఏళ్లు ఉంటుంది కనుక బొట్టు ఇంకా నడివయసులోనే ఉంది. కావలి, నెల్లూరు దరిదాపుల్లో ఇస్తే అమ్మగారు ఊరికి వచ్చినప్పుడల్లా వెళ్లి చేత్తో మేత వేసి రావచ్చు.

మరి ఎవరికి ఇవ్వాలి? కనీసం ఏడాదిగా నడుస్తున్న మంచినీటి కొలను ఉన్నవారికి. నెల్లూరు, ఒంగోలు రహదారి వెంట తోటలున్న హోటళ్లు, ఆవరణ ఉన్న బడులు, ఇంటి దగ్గర కొలను పెట్టుకున్న ఆక్వా రైతులు, వీరిలో అడగండి. నా మొగ్గు ఆక్వా రైతుల వైపే. వారికి ఏరేటరు, జనరేటరు, నీటి పరీక్ష కొత్త కాదు, తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అట్టడుగుకు పడిపోతుందని వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే వెనామీ రొయ్యల చెరువులో వేస్తామంటే ఒప్పుకోకండి, అది ఉప్పునీరు, కోయి మంచినీటి చేప. తీరానికి దగ్గరి ఊళ్లలో బోరు నీరు కూడా చాలాచోట్ల ఉప్పగా ఉంటుంది కనుక, తీసుకునేవారి నీటిని ఒక సీసాలో పట్టి, రొయ్యల రైతులు వెళ్లే ల్యాబులోనే ఉప్పదనం, పి.హెచ్., అమ్మోనియా, నైట్రైటు చూపించండి. ఖర్చు పెద్దది కాదు, ఆ కాగితం లేనిదే మాట ఇవ్వవద్దు. కొలనును మీ కంటితో చూడండి. అందులో ఇప్పటికే కోయి ఉంటే, మీ చేపలను కనీసం మూడు వారాలు వేరే తొట్టిలో ఉంచి చూసుకోగలరా అని అడగండి. ఈ ప్రశ్నకు విసుక్కునే మనిషి మీకు తగినవాడు కాదు. ఇద్దరికి పంచవలసి వస్తే అయిదు ఆరుగా పంచండి, అడిగిన ప్రతివారికీ ఒకటి రెండు ఇస్తూ పోకండి.

ఇక్కడ ఎవరూ కుదరకపోతే చెన్నైలో కొళత్తూరు ఉంది, రంగు చేపల వ్యాపారానికి పేరుపడిన చోటు. అక్కడి వ్యాపారి మంచి ధర చెబుతాడని మాత్రం ఆశ పెట్టుకోకండి. కోయి ధర పొడవు ఒక్కదాన్ని బట్టే కాక రంగు అంచుల తీరును బట్టీ, ఏ జపాను పెంపకందారు దగ్గర పుట్టిందన్న కాగితాన్ని బట్టీ ఉంటుంది, మన దేశంలో పుట్టిన పెద్ద చేపకు కొనేవారు తక్కువ. దగ్గరివారికి ఇచ్చినా పూర్తిగా ఉచితంగా ఇవ్వవద్దన్నది నా అభిప్రాయం. మేత బస్తా, తరలింపు ఖర్చు వారే పెట్టుకోవాలన్న షరతు పెడితే, పులుసు కోసం వచ్చేవారు వాకిట్లోనే ఆగిపోతారు.

ఈ లోగా కొలనులో అన్నం ఆపించండి. పిన్నిగారి మనసు నొచ్చకుండా, మేత డబ్బా ఆవిడ చేతికే ఇచ్చి, నీటి మీద తేలే గుళికలు రోజుకు రెండుసార్లు, అయిదు నిమిషాల్లో తినేసేటన్ని మాత్రమే వేయమనండి. తినని అన్నం అడుగున కుళ్లి అమ్మోనియాను పెంచుతోంది, ఎండలు ముదిరేకొద్దీ అది మరింత విషమవుతుంది. వారానికోసారి పదో వంతు నీరు మార్చండి. మునిసిపాలిటీ నీరైతే అందులోని క్లోరిన్ పోయేలా ఒక రోజు తెరిచి ఉంచి గాలి ఆడించాలి, లేదా క్లోరిన్‌ను విరిచే హైపో ఆక్వా దుకాణంలో తెచ్చి వేయాలి. బోరు నీటిలో ఆక్సిజన్ తక్కువ కనుక దాన్ని కూడా పైనుంచి ధారగా పడనివ్వండి. ఒక సాయంత్రం కూర్చుని ఒక్కొక్క చేపనూ చూడండి. గోడకు ఒళ్లు ఒరుసుకుంటున్నాయా, రెక్కలు ముడుచుకుని మూలన నిలబడుతున్నాయా, ఒంటి మీద పెసరబద్దంత చదునైన మచ్చలు కదులుతున్నాయా? కదిలితే అది చేప పేను. చెరువుల్లో వాడే పురుగుమందును ఎవరో చెప్పిన లెక్కన పోయకండి, ముత్తుకూరులోని మత్స్య శాస్త్ర కళాశాలలో చూపించి, చికిత్స పూర్తయ్యాకే తరలించండి.

తరలింపుకు ఉగాదికి అటూ ఇటూగా ఒక రోజు ఎంచుకోండి, అంతకన్నా ఆలస్యం చేస్తే నీరు వేడెక్కుతుంది. 30 డిగ్రీల నీరు పట్టగలిగే ఆక్సిజన్ లీటరుకు 7.5 మిల్లీగ్రాములే, 20 డిగ్రీల వద్ద అది 9 దాకా ఉంటుంది. రెండు రోజుల ముందే మేత ఆపండి, కడుపు ఖాళీగా ఉన్న చేప ప్రయాణంలో నీటిని పాడుచేయదు. రాత్రంతా ఏరేటరు ఆడించి, తెల్లవారుజామున అయిదింటికి పని మొదలుపెట్టండి. నీటిలో దిగేముందు అన్ని మోటార్లకూ కరెంటు తీయించడం మరువకండి. నీటిని మోకాలి లోతుకు దించితే చాలు. అంతకన్నా కిందికి దించితే అడుగు బురద లేచి చేపలకు ఊపిరాడదు. విసురు వల వేయనివ్వకండి, దాని ముళ్లకు పొలుసులూ ఒంటి మీది జిగురు పొరా ఊడిపోతాయి. ఆ జిగురే చేపకు తొడుగు, అది పోయినచోట పుండు పడుతుంది. ఇద్దరు మనుషులు మెత్తని లాగుడు వలతో చేపలను ఒక మూలకు మెల్లగా నడిపి, పెద్ద ప్లాస్టిక్ టబ్బును నీటిలోనే వంచి, చేపను నీటితో సహా అందులోకి తీసుకోవాలి. పెద్ద చేపను చేతి వలలో గాలిలోకి లేపితే దాని బరువుకు వెన్ను దెబ్బతింటుంది. టబ్బు మీద తడి గుడ్డ కప్పండి, కోయి ఎగిరి దూకుతుంది.

రొయ్య పిల్లలను ప్యాక్ చేసే హ్యాచరీ కుర్రవాళ్లు మన తీరమంతా ఉన్నారు. వారిలో ఒకరిని పిలిస్తే ఆక్సిజన్ సిలిండరుతో సహా వస్తారు. చేప పొడవుకు ఒకటిన్నర రెట్లున్న సంచులు రెండు ఒకదానిలో ఒకటి వేసి, మూలలను రబ్బరు బ్యాండుతో కట్టి, చేప వీపు మునిగేదాకా కొలను నీరే పోసి, మిగతా భాగమంతా ఆక్సిజన్ నింపాలి. సంచికి ఒకే చేప. బండిలో సంచులను అడ్డంగా పడుకోబెట్టండి. బండి పొడవున ఉంటే బ్రేకు వేసినప్పుడల్లా చేప మూతి సంచి చివరకు గుద్దుకుంటుంది. నెల్లూరైనా ఒంగోలైనా కావలి నుంచి గంటన్నర ప్రయాణమే కనుక, మూత ఉన్న 500 లీటర్ల ట్యాంకులో బ్యాటరీ ఏరేటరు పెట్టి కొరమేను బండ్లవాళ్లు చేసినట్టు చేసినా పరవాలేదు, ట్యాంకు అంచుదాకా నింపితే నీరు ఎగిసిపడదు.

దించేటప్పుడు నేను చేసిన తప్పు చేయకండి. కొన్నేళ్ల క్రితం ఒక మిత్రుడి కోయిలను ఒంగోలు నుంచి తెచ్చినప్పుడు, కొత్త నీటికి మెల్లగా అలవాటు పడాలన్న మంచి ఉద్దేశంతో, సంచులు విప్పి గంటసేపు చెంబుతో కొంచెం కొంచెం కొత్త నీరు కలుపుతూ కూర్చున్నాను. సాయంత్రానికి మూడు చేపలు పోయాయి. కారణం ఆ తర్వాత తెలిసింది. కట్టిన సంచిలో చేప వదిలిన బొగ్గుపులుసు వాయువు నీటిని కాస్త ఆమ్లంగా ఉంచి, పేరుకున్న అమ్మోనియాను అంతగా హాని చేయని రూపంలో పట్టి ఉంచుతుంది. సంచి విప్పగానే ఆ వాయువు పోయి, క్షారత పెరిగి, అదే అమ్మోనియా నిమిషాల్లో విషమవుతుంది. కనుక మూతి విప్పని సంచిని కొత్త కొలనులో, నీడలో, ఇరవై నిమిషాలు తేలనివ్వండి. వేడి సమమయ్యాక విప్పి, తడిచేతులతో చేపను మాత్రమే కొలనులోకి జార్చండి. సంచి నీటిని మొక్కలకు పోయండి, కొలనులో పోయకండి. కొత్త కొలనులో ముందుగానే 1,000 లీటర్లకు మూడు కిలోల చొప్పున అయోడిన్ లేని కల్లుప్పు కరిగించి ఉంచితే చేపలకు అలసట తగ్గుతుంది. మొదటి రోజు మేత వద్దు. తర్వాత వారం సగం మేతే. మూలన దాక్కుని రెండు మూడు రోజులు పైకి రాకపోతే కంగారుపడవద్దని తీసుకున్నవారికి ముందే చెప్పండి.

కొలను పూడ్చేవారిని పిలిచేముందు చివరి పని ఒకటి మిగిలి ఉంటుంది. పదకొండూ వెళ్లిపోయాక మిగిలిన నీటిని కొబ్బరిచెట్లకు పారించి, కాలువలోకి మాత్రం వదలకుండా, అడుగున మిగిలిన బురదలో సన్న కన్నుల చేతి వలను రెండు మూడుసార్లు లాగించండి. కోయి పిల్లల్లో కొన్ని నల్లగా, బురద రంగులోనే ఉంటాయి, నాచు చాటున ఉన్నవి పైనుంచి చూస్తే కనబడవు. దొరికితే వాటిని కూడా ఒక సంచిలో వేసి పెద్దవి వెళ్లిన చోటికే పంపించండి.